దిష్టి తీసే పిల్ల

ఆ ఆదివారం సాయంత్రం సినిమా వాళ్లు వెతుక్కుంటూ వచ్చింది కౌకబ్ కోసమే. రెండు రోజులుగా వాళ్ల కారు తెహ్రాన్‌లో షూష్ కూడలి దగ్గర రోడ్డు వారన ఆగి ఉండటం, అద్దం దించుకుని ఒక గడ్డం మనిషి తననే చూస్తుండటం కౌకబ్ గమనిస్తూనే ఉంది. ఎర్రదీపం పడగానే కార్ల మధ్యకి దూరడం, చిల్లులు పొడిచిన డబ్బాలో బొగ్గుల మీద చిటికెడు ఎస్ఫంద్ గింజలు చల్లడం, గుప్పున లేచిన పొగని కారు కిటికీ ముందు గుండ్రంగా తిప్పి లోపలి వాళ్లకి దిష్టి తీయడం, పచ్చదీపం పడేలోగా చెయ్యి చాపడం. ఇదే కౌకబ్ పని. కొందరు ఇస్తారు, కొందరు అద్దం ఎక్కిస్తారు. గడ్డం మనిషి మాత్రం అద్దం దించుకుని మరీ చూశాడు. ఆ చూపు కోసం కౌకబ్ ఆ రెండు రోజులూ డబ్బాని ప్రతి కారుకీ ఒక చుట్టు ఎక్కువే తిప్పింది.

వాళ్లు ముంగిట్లోకి వచ్చేసరికి అమ్మమ్మ తూబా గబగబా తివాచీ పరిచి టీ పోసింది. గడ్డం మనిషి డైరెక్టరు, పేరు కియాన్‌ఫర్. పక్కన మొజ్గాన్ అనే అమ్మాయి, చేతిలో కాగితాల అట్ట. ఆయన తిన్నగా విషయానికి వచ్చాడు. రోడ్డు మీద ఎస్ఫంద్ పొగ వేసే పిల్ల కథ తీస్తున్నాం, మీ పెద్ద మనవరాలు కావాలి, రేపటి నుంచి పదిరోజుల పని అన్నాడు. కౌకబ్ ఆ మాట గదిలో కర్టెన్ వెనక నిలబడి విన్నది. విని, పెట్టెలో మడత పెట్టి ఉన్న ఆకుపచ్చ స్కార్ఫు తీసి కట్టుకోవడం మొదలుపెట్టింది. పిలవగానే వెళ్లాలి.

అమ్మమ్మ మర్యాదస్తురాలు. ఎవరైనా ఏదైనా అడిగితే మొదటిసారి వద్దంటుంది, రెండోసారి మొహమాటపడుతుంది, మూడోసారి ఒప్పుకుంటుంది. తెహ్రాన్‌లో టాక్సీవాడు కూడా ముందు డబ్బులెందుకు సార్ అంటాడు. ఆ మాట పట్టుకుని దిగిపోయిన మనిషిని ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

"అది దేనికి పనికొస్తుంది బాబూ. నల్లగా, బొంగురు గొంతేసుకుని. మా చిన్నదుంది హానియె, చందమామ ముక్క. కావాలంటే దాన్ని తీసుకెళ్లండి" అంది అమ్మమ్మ, రెండోసారి అడుగుతాడని చూస్తూ.

రెండోసారి ఆయన అడగలేదు. సరిగ్గా అప్పుడే హానియె చక్కెర గిన్నె పట్టుకుని ముంగిట్లోకి వచ్చింది. పదేళ్లది, మహ్రుఖ్ పిన్ని కూతురు, మెట్రో రైల్లో కాగితం రుమాళ్లు అమ్ముతుంది. డైరెక్టరు దాన్ని ఎగాదిగా చూశాడు. కాస్త అటు తిరగమన్నాడు, ఇటు తిరగమన్నాడు. అది చక్కెర గిన్నెతోనే తిరిగింది. ఆయన మొజ్గాన్‌తో ఏదో అన్నాడు, మొజ్గాన్ ఏదో అడ్డు చెప్పబోయింది, ఆయన వాచీ చూసుకున్నాడు. కౌకబ్ స్కార్ఫు ముడి సరిచేసుకుని కర్టెన్ తీసేసరికి వాళ్లు హానియె చెప్పుల సైజు రాసుకుంటున్నారు.

అమ్మమ్మ మొహం పాలిపోయింది. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం ఆమెకి చేతకాదు. ఇంకో కప్పు టీ పోసింది.

వెళ్లేముందు మొజ్గాన్ కౌకబ్ దగ్గరకి వచ్చి భుజం మీద చెయ్యేసింది. హానియెకి ఈ పని రాదు కదా, ఈ రాత్రికి కాస్త నేర్పించగలవా అని అడిగింది. అంతటితో ఊరుకోలేదు. డైరెక్టరుకి ఆ డబ్బా కూడా కావాలట, సినిమా కోసం చేయించింది మరీ కొత్తగా ఉందట, దీనికైతే మసీ తుప్పూ అన్నీ ఉన్నాయట. దాని బదులు ధగధగలాడే కొత్త డబ్బా ఒకటి కౌకబ్ చేతిలో పెట్టారు. అమ్మమ్మ మేకుతో చిల్లులు పొడిచి, సైకిలు బ్రేకు తీగతో చెవి కట్టిన డబ్బా ఆ పాతది. కౌకబ్‌కి ఎనిమిదేళ్లప్పటి నుంచీ తన చేతికి అంటుకునే ఉంది. అది సినిమాలోకి వెళ్తోంది. తను వెళ్లడం లేదు.

కౌకబ్‌కి కడుపు మండిపోయింది. అయినా నేర్పింది, నేర్పకపోతే అందరికీ తెలిసిపోతుంది కాబట్టి. కబాబు కొట్టు నుంచి సగం కాలిన బొగ్గులే తెచ్చుకోవాలని చెప్పింది. తీగని రెండు వేళ్లకి మెలేసి పట్టుకోవాలని, మోచెయ్యి కదపకుండా మణికట్టుతోనే తిప్పాలని, గాలికి ఎదురుగా నిలబడకూడదని చెప్పింది. ముందు డ్రైవరు కళ్లలోకి కాదు, పక్కన కూర్చున్నావిడ కళ్లలోకి చూడమంది. హానియె ఉత్త డబ్బా తిప్పుతూ ముంగిలంతా తిరిగింది. గింజలు దండగని అమ్మమ్మ ఇవ్వలేదు. పది చుట్లు తిప్పేసరికే దానికి ఒడుపు దొరికింది. కౌకబ్‌కి ఆ ఒడుపు రావడానికి ఒక చలికాలమంతా పట్టింది.

"ఇంకేమైనా ఉందా అక్కా?" అంది హానియె, రొప్పుతూ.

ఇంకొకటి ఉంది. గింజలు నిప్పుల మీద పడగానే చిటపటా పేలతాయి, పైకి ఎగురుతాయి. అందుకని చిటికెడు వేసిన వెంటనే మొహం పక్కకి తిప్పుకుని మూడు లెక్కపెట్టాలి. అమ్మమ్మ మొట్టమొదటి రోజు మొట్టమొదట నేర్పింది అదే.

"అంతే. ఇంకేముంటుంది" అంది కౌకబ్.

మర్నాడు కూడలిలో ఒక వరస తాడు కట్టి ఆపారు. అవతలి వరసలో మామూలుగానే కార్లు పోతున్నాయి. కౌకబ్ కొత్త డబ్బాతో అక్కడే పని చేసుకుంది, కానీ కళ్లన్నీ తాడు లోపలే. అక్కడ ఒకావిడ హానియెని కుర్చీలో కూర్చోబెట్టి, దూదితో బుగ్గలకి మసి పూసింది. గోళ్ల కింద కూడా పూసింది. అద్దంలో చూపించి ఇంకాస్త కావాలా అని అడిగింది. కౌకబ్ తన గోళ్లు చూసుకుంది. సబ్బుతో తోమినా పోని నలుపు. ఇంట్లో ఎన్నిసార్లు తిట్లు తిన్నదో ఆ గోళ్ల గురించి. ఇక్కడ దాన్ని డబ్బులిచ్చి పూయిస్తున్నారు.

తర్వాత చిరుగుల స్వెట్టరు తెచ్చారు. చిరుగులు కత్తెరతో అప్పటికప్పుడు చేసినవి. హానియె అది తొడుక్కుని, కౌకబ్ డబ్బా పట్టుకుని నాలుగు కార్ల మధ్య నడిచింది. ఆ కార్లూ వాళ్లవే, లోపలి మనుషులూ వాళ్లవాళ్లే. డైరెక్టరు ఆపు అన్నప్పుడు ఆగింది, మళ్లీ అన్నప్పుడు మళ్లీ నడిచింది. మొదటి రోజు పొగ దూరం నుంచి యంత్రంతో వదిలారు. బాగా చేసింది. బాగా చేయడమే కౌకబ్‌కి భరించరానిదిగా ఉంది. తప్పు చేస్తే బాగుండు, ఏడిస్తే బాగుండు, నా వల్ల కాదు అక్క చేస్తుంది అంటే బాగుండు అనుకుంది. అనుకుని, సిగ్గుపడి, కాసేపటికి మళ్లీ అదే అనుకుంది.

మధ్యాహ్నం అందరికీ రేకు పళ్లేల్లో అన్నం, కోడి కబాబు పంచారు. హానియె తన పళ్లెం పట్టుకుని తాడు దాటి పరిగెత్తుకొచ్చింది.

"సగం తిను అక్కా."

వద్దంది కౌకబ్, తిన్నానంది. హానియె మళ్లీ అడిగింది. వద్దంది. మూడోసారి అది కబాబు ముక్క తుంచి నోటిదాకా తెచ్చింది. మూడోసారీ వద్దంటే ఇక అది మర్యాద కాదు, నిజంగా వద్దనే. కౌకబ్ వద్దంది. హానియె పళ్లెంతో ఒక నిమిషం నిలబడి, తల దించుకుని వెళ్లిపోయింది. కౌకబ్ పొద్దున తిన్నది ఒక రొట్టె ముక్క.

మంగళవారం డైరెక్టరు కెమెరాని బాగా దగ్గరకి తెచ్చాడు. యంత్రం పొగ నచ్చలేదు, నిజం పొగే కావాలన్నాడు. డబ్బాలో నిజం బొగ్గులు, హానియె జేబులో నిజం గింజలు. అది చిటికెడు వేసింది. పొగ చాల్లేదు. ఇంకా వెయ్యమన్నాడు. ఇంకొంచెం వేసింది. గుప్పెడు వెయ్యమ్మా, భయపడకు, వేసి డబ్బాలోకి చూడు అన్నాడు.

కౌకబ్ తాడు పట్టుకునే ఉంది, పది అడుగుల దూరంలో. గుప్పెడు అనడం విన్నది. హానియె జేబులో చెయ్యి పెట్టడం చూసింది, డబ్బా మీదకి వంగడం చూసింది. మొహం తిప్పుకో అనడానికి కావలసినంత వ్యవధి ఉంది. గొంతు కూడా ఉంది, కూడలి అవతలికి వినబడే బొంగురు గొంతు. అయినా అరవలేదు. ఆలస్యమైందని తర్వాత తనకి తను ఎన్నోసార్లు చెప్పుకుంది కానీ, అది అబద్ధమని చెప్పుకుంటున్నప్పుడే తెలుసు.

గింజలు పేలాయి. హానియె డబ్బా వదిలేసి రెండు చేతులతో కన్ను మూసుకుంది.

క్లినిక్‌లో డాక్టరు రెప్ప కాలిందని, కనుగుడ్డు మీద చిన్న గీత పడిందని, చూపుకి ఏమీ భయం లేదని చెప్పాడు. శుక్రవారం దాకా కట్టు విప్పొద్దన్నాడు. మహ్రుఖ్ పిన్ని దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది. నా బిడ్డ మీద ఎవరి కళ్లు పడ్డాయో, ఎవరు కళ్లలో నిప్పులు పోసుకున్నారో అంది. కౌకబ్ వాళ్ల వెనకే నడిచింది, రెండు డబ్బాలూ మోసుకుంటూ.

మర్నాడు సాయంకాలం పిన్ని కోడిగుడ్డు తెచ్చింది. ఎవరి దిష్టి తగిలిందో తేల్చాల్సిందే అని పట్టుబట్టింది. ఆ ముంగిట్లో గుడ్డు చూడటం తూబాకే తెలుసు. ఆమె హానియెని తల్లి ఒళ్లో తల పెట్టి పడుకోమంది. గుడ్డు రెండు కొసలకీ చెరో నాణెం ఆనించి, కింద గుడ్డ పట్టి, రెండు అరచేతుల మధ్య పట్టుకుంది. ఒక్కో పేరు చెప్పి బొగ్గుతో గుడ్డు మీద ఒక్కో సున్న చుట్టడం, నొక్కడం. ఎవరి పేరు దగ్గర పగిలితే దిష్టి వాళ్లది.

కౌకబ్‌ని దీపం పట్టుకోమన్నారు. తప్పించుకోవడానికి వీల్లేదు. ఇరుగుపొరుగు వాళ్ల పేర్లు అయ్యాయి. గుడ్డు పగల్లేదు. డైరెక్టరు పేరు, మొజ్గాన్ పేరు. పగల్లేదు. మసి పూసినావిడ పేరు తెలియదు కాబట్టి మసి పూసినావిడ అనే అన్నారు. అప్పటికీ పగల్లేదు. దీపం ఇంకా దగ్గరగా పట్టమని పిన్ని కసిరింది. కౌకబ్ రెండు చేతులతో పట్టుకుంది.

"ఇంట్లో వాళ్లవి కూడా చెప్పమ్మా. దిష్టికి మనవాళ్లు, పరాయివాళ్లు అని ఉండదు" అంది పిన్ని.

అమ్మమ్మ తల ఊపింది. బొగ్గు ముక్క తీసుకుని గుడ్డు మీద ఇంకో సున్న చుట్టింది.

"కౌకబ్."

కౌకబ్ అమ్మమ్మ మొహం చూడలేక చేతులు చూసింది. నాలుగేళ్లుగా ఆ చేతుల్ని చూసే కదా పని నేర్చుకుంది, ఏ వేలు ఎంత బిగిస్తుందో తనకి తెలుసు. ఇంతసేపూ ప్రతి పేరుకీ నాణేల మీద తెల్లబడేలా బిగుసుకున్న ఆ బొటనవేళ్లు ఈ పేరు దగ్గర బిగుసుకోలేదు. నొక్కుతున్నట్టు మోచేతులు మాత్రం దగ్గరకి వచ్చాయి. వేళ్లు మెత్తగా గుడ్డు చుట్టూ ఉండిపోయాయి.

పగల్లేదు. అమ్మమ్మ ఇంకో సున్న చుట్టి, "తూబా" అంది. అని, బొటనవేళ్లు రెండూ బిగించింది. గుడ్డు పటుక్కున పగిలి గుడ్డ మీదకి సొన కారింది.

సొంత అమ్మమ్మ దిష్టేమిటమ్మా అంది పిన్ని.

"ముసలి కళ్లు. పిల్ల కారెక్కుతుంటే మురిసిపోతూ చూశాను. మురిపెం కూడా తగులుతుంది" అంది అమ్మమ్మ, హానియె నుదుటికి సొన రాస్తూ.

తర్వాత ముంగిట్లో కుళాయి దగ్గర ఆ గుడ్డ ఉతుకుతూ కౌకబ్‌ని నీళ్లు పొయ్యమంది. కౌకబ్ చెంబుతో పోసింది.

"మొహం తిప్పుకోమని నీకెప్పుడు చెప్పానే?"

"మొదటి రోజు."

"ఊఁ" అంది అమ్మమ్మ. గుడ్డ పిండి తీగ మీద ఆరేసింది. "దాన్ని తీసుకెళ్లండి అన్న నోరు నాది. ఆ మాట నేననకపోతే ఇదంతా లేదు. సగం నాదే. రెండో సగం సంగతి నువ్వే చూసుకో."

తిట్టి ఉంటే బాగుండేది.

గురువారం పొద్దున్నే మొజ్గాన్ వచ్చింది, పళ్ల సంచీతో. హానియె తల నిమిరింది, పిన్నికి నాలుగు ఊరడింపు మాటలు చెప్పింది. తర్వాత అమ్మమ్మ ముందు కూర్చుని గొంతు తగ్గించింది. కూడలిలో తీయడానికి అనుమతి ఇంకో వారమే ఉందట. తీసింది రెండు రోజుల పనే కాబట్టి అది పక్కన పడేసి, మళ్లీ మొదటి నుంచి కౌకబ్‌తో తీద్దామని డైరెక్టరు అంటున్నాడట.

"అసలు మేం వచ్చిందే తన కోసం అమ్మా. మీరు మొహమాటానికి అన్నారని ఆ రోజే నాకు అర్థమైంది, ఆయనతో చెప్పబోయాను కూడా. ఆయన తొందరలో వినిపించుకోలేదు. నన్ను క్షమించండి."

కౌకబ్ గుమ్మం దగ్గర బొగ్గులు సంచీలోకి ఎత్తుతోంది. చేతులు ఆగిపోయాయి. అంటే నిజంగా తనదే. తన గోళ్లు, తన గొంతు, తన డబ్బా, అన్నీ కావాలన్నారు. ఎవరూ లాక్కోలేదు, దారిలో జారిపోయింది, మళ్లీ ఇంటికి వచ్చి తలుపు తడుతోంది.

అమ్మమ్మ ఈసారి మర్యాద మాట ఏదీ అనలేదు. "దాన్నే అడగండి" అంది.

"వస్తావా కౌకబ్ జాన్?" అంది మొజ్గాన్.

"నేనెందుకు పనికొస్తాను ఖానుం. శనివారానికల్లా హానియెకి తగ్గిపోతుంది" అంది కౌకబ్. ఆ మాట దానంతట అదే వచ్చింది, అలవాటు కొద్దీ. లోపల మాత్రం గుండె ఇంకోలా కొట్టుకుంటోంది. అడుగు, ఇంకోసారి అడుగు.

మొజ్గాన్ నవ్వింది. ఈసారి తను పద్ధతి మర్చిపోదలుచుకోలేదు. "నువ్వే కావాలి. ఆయన రెండు రోజులు కారులో కూర్చుని చూసింది నిన్నే."

"మీ అభిమానం ఖానుం. నా గొంతు బాగోదు."

రెండు అయ్యాయి. ఇక మిగిలింది ఒక్కటే. కౌకబ్ తలెత్తింది. గది లోపల కర్టెన్ కాస్త పక్కకి జరిగి ఉంది. ఆ సందులో హానియె నిలబడి ఉంది, సగం మొహానికి తెల్లటి కట్టు. మిగిలిన ఒక్క కన్ను కౌకబ్‌నే చూస్తోంది. ఏడవడం లేదు, బతిమాలడం లేదు. పడిపోతే బాగుండు, గొంతు పోతే బాగుండు, నాకు రాదు అంటే బాగుండు అనుకుంటోంది. ఆ చూపు ఏమిటో కౌకబ్‌కి ఒకరు చెప్పాల్సిన పని లేదు. రెండు రోజులు తాడు పట్టుకుని తను చూసింది అదే చూపు.

"మూడోసారి అడుగుతున్నాను. వస్తావా?"

"రాను" అంది కౌకబ్.

మొజ్గాన్ ఇంకా ఏదో అనబోయి అమ్మమ్మ వైపు చూసింది. అమ్మమ్మ పళ్ల సంచీలోంచి ఒక దానిమ్మ తీసి ఆమె చేతిలో పెట్టింది. అంటే ఇక వెళ్లి రమ్మని.

మంచి పని చేశానన్న తృప్తి కౌకబ్‌కి ఏ మూలా కలగలేదు. ఆ మధ్యాహ్నమంతా ఒళ్లు మండుతూనే ఉంది, నాలుక కొరుక్కోవాలనిపించింది. వీధి చివరిదాకా పరిగెత్తి ఆ కారు ఆపేద్దామా అని రెండుసార్లు చెప్పులేసుకుంది కూడా.

శుక్రవారం సాయంత్రం హానియె కట్టు విప్పారు. రెప్ప మీద గోధుమ గింజంత ఎర్రటి మచ్చ, కన్ను మాత్రం తేటగానే ఉంది. కౌకబ్ పాత డబ్బాలో నిప్పులు వేసింది. తన సంచీలోంచి, తన గింజలు తీసింది.

"ఇటు రా. చిటికెడు వేశాక మొహం ఇలా పక్కకి తిప్పు. మూడు లెక్కపెట్టు. ఆ తర్వాతే డబ్బా వైపు చూడు."

హానియె చేసింది. గింజలు పేలి ఎగిరాయి, పక్కనుంచి పోయాయి. అది వాటినే చూస్తూ నిలబడింది. తర్వాత వేలితో రెప్ప మీద మచ్చ తడుముకుంది.

"ఇది ఆ రోజు చెప్పలేదు."

"చెప్పలేదు" అంది కౌకబ్.

హానియె ఇంకేమీ అడగలేదు. అక్కా అని కూడా అనలేదు. ఇంకో చిటికెడు వేసి, మొహం తిప్పి, పైకే లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. చీకటి పడేదాకా అలా చేస్తూనే ఉంది.

శనివారం కూడలిలో మళ్లీ తాడు కట్టారు. మచ్చని దాచనక్కర్లేదని, బాగుందని, ఉంచెయ్యమని డైరెక్టరు అన్నాడు. హానియె కార్ల మధ్య నడిచింది. ఆగి, కౌకబ్ డబ్బాలో గింజలు వేసింది. మొహం పక్కకి తిప్పుకుంది. స్కార్ఫు కొస గాలికి లేచింది, పెదవులు మూడుసార్లు కదిలాయి, అప్పుడు నెమ్మదిగా మళ్లీ కారు వైపు తిరిగి డబ్బా తిప్పింది. ఆపు అన్నాక డైరెక్టరు కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"అలా మొహం తిప్పుకోవడం ఎక్కడిది? సినిమా అంతా ఆ ఒక్క తిప్పులోనే ఉంది. ఎవరు నేర్పారమ్మా?"

తాడు అవతల కౌకబ్ నిలబడి ఉంది. హానియెకి అది కనబడుతూనే ఉంది. మొజ్గాన్ కూడా కౌకబ్ వైపే చూసింది.

"ఎవరూ నేర్పలేదు. నాకే వచ్చు" అంది హానియె.

నువ్వే చెప్పు అన్నట్టు మొజ్గాన్ కౌకబ్‌కి కనుబొమలు ఎగరేసింది. కౌకబ్ తాడు వదిలేసింది. అవతలి వరసలో ఎర్రదీపం పడింది, కార్లు ఒక్కొక్కటే ఆగుతున్నాయి. ముందు తెల్లటి ప్రైడ్ కారు, పక్క సీట్లో ఒడిలో పసిబిడ్డతో ఒకావిడ. కౌకబ్ గాలి ఎటు ఉందో చూసుకుని నిలబడింది. కొత్త డబ్బా తీగ రెండు వేళ్లకి మెలేసుకుంది. చిటికెడు గింజలు నిప్పుల మీద వేసి మొహం పక్కకి తిప్పుకుంది.

మూడు లెక్కపెడితే చాలు. ఆ రోజు పది దాకా లెక్కపెట్టింది.